బార్బరోసాలో స్మోలెన్‌స్క్ దాటాక సేనలు ఎందుకు చతికిలబడుతున్నాయి? ‘నో స్టెప్ బ్యాక్’ ఎక్స్‌పాన్షన్ గురించి

ప్రశ్న

రెండో ప్రపంచయుద్ధం మీద వచ్చిన కంప్యూటర్ వ్యూహక్రీడ హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4ను 2016లో విడుదలైన తొలి రోజుల్లో విరివిగా ఆడి, మధ్యలో మానేసి, ఈమధ్యే ‘నో స్టెప్ బ్యాక్’ ఎక్స్‌పాన్షన్‌తో (ఆటకు తర్వాత కలిపిన అదనపు భాగంతో) సహా మళ్లీ మొదలుపెట్టాను. పాత రోజుల్లో జర్మనీగా ఆడేటప్పుడు పద్ధతి సులువుగా ఉండేది. పటం సరఫరా ప్రాంతాలుగా విడిపోయి ఉండేది, ఒక్కో ప్రాంతం ఎంత సైన్యాన్ని భరించగలదో ఒక అంకె కనిపించేది, ఆ అంకె దాటకుండా చూసుకుంటూ ట్యాంకు డివిజన్లను ముందుకు తోస్తే 1941 శరదృతువు నాటికి మాస్కో చేతికి వచ్చేది.

ఇప్పుడు అది సాగడం లేదు. జూన్ 22న బార్బరోసా, అంటే సోవియట్ యూనియన్ మీద జర్మనీ దాడి, మొదలుపెట్టి మిన్‌స్క్ వరకు అనుకున్నట్లే వెళ్తున్నాను, అక్కడ పెద్ద చుట్టుముట్టు కూడా పూర్తవుతోంది. నీపర్ నది దాటి స్మోలెన్‌స్క్ చేరేసరికి మాత్రం డివిజన్ల పక్కన సరఫరా గుర్తు ఎర్రబడుతోంది, ట్యాంకుల బలం దాడి లేకుండానే రోజురోజుకూ తరిగిపోతోంది, శత్రువు పలచగా ఉన్నాడని తెలిసినా ముందుకు అడుగు పడడం లేదు. మాస్కో అక్కడి నుంచి నాలుగు వందల కిలోమీటర్ల లోపే ఉంది. ఇంతలో బురద, ఆపైన చలి.

ఇది ఆట నిర్మాణంలోని లోపమా, లేక కావాలనే ఇలా చేశారా అన్నది నా మొదటి సందేహం. కావాలనే చేసి ఉంటే, ఆనాటి తూర్పు రంగంలో నిజంగా జరిగినదానికి ఇది ఎంత దగ్గరగా ఉంది? ఆడే పద్ధతి గురించే కాక చరిత్ర గురించి కూడా చెప్పగలిగినవారు రాస్తే సంతోషిస్తాను.

సమాధానం 1

లోపం కాదండీ. ఈ ఎక్స్‌పాన్షన్ ప్రాణమంతా మీరు ఆగిపోయిన ఆ చోటే ఉంది. 2021 నవంబరు 23న ‘నో స్టెప్ బ్యాక్’ వచ్చినప్పుడు దానితోపాటే ‘బార్బరోసా’ అన్న పేరుతో 1.11 అప్‌డేట్ అందరికీ ఉచితంగా వచ్చింది. సరఫరా పద్ధతిని పునాదుల నుంచి మార్చింది ఆ అప్‌డేటే. ట్యాంకును భాగాలుగా ఎంచి కట్టుకునే ట్యాంకు డిజైనర్, పట్టాల మీద నడిచే రైల్వే ఫిరంగులు, సోవియట్ యూనియన్, పోలండ్, బాల్టిక్ దేశాల కొత్త ఫోకస్ ట్రీలు (దేశం ఏ దారిలో నడవాలో ఎంచుకునే నిర్ణయాల పటాలు) డబ్బు పెట్టి కొన్న భాగంలోవి. డబ్బు ఖర్చయిన భాగం కన్నా ఉచితంగా వచ్చిన భాగమే ఆటను ఎక్కువగా మార్చిందని నా అభిప్రాయం.

ఇప్పుడు సరఫరా మీ రాజధానిలో మొదలై, రైలు పట్టాల మీదుగా సప్లై హబ్‌ల (సరుకు దించి పంచే కేంద్రాల) దాకా వెళ్లి, అక్కడి నుంచి గుర్రపు బండ్లమీదనో ట్రక్కులమీదనో డివిజన్లకు చేరుతుంది. పట్టాలకు ఒకటి నుంచి ఐదు వరకు స్థాయిలు ఉన్నాయి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఏమిటంటే, బెర్లిన్ నుంచి స్మోలెన్‌స్క్ వరకు దారి అంతా ఐదో స్థాయిలో ఉన్నా, మధ్యలో ఎక్కడో ఒక్క ముక్క ఒకటో స్థాయిలో ఉంటే ఆ ముక్క మోయగలిగినంతే చివరికి చేరుతుంది. సరఫరా పటం తెరిచి, బ్రెస్ట్, మిన్‌స్క్, ఓర్షా, స్మోలెన్‌స్క్, వ్యాజ్మా, మాస్కో అనే ఆ ఒక్క గీత వెంట వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లండి. మీ సేన ఎందుకు ఆగిందో అక్కడే కనిపిస్తుంది. శత్రువు నుంచి స్వాధీనమైన పట్టాలూ హబ్‌లూ ఆ రోజునుంచే పని చేయవు, వాటిని మన అవసరానికి మార్చుకోవడానికి కొంత కాలం పడుతుంది. మీ ట్యాంకులు ఎంత వేగంగా వెళ్తే ఈ పని అంత వెనకబడి ఉంటుంది.

చరిత్రకు దగ్గరగా ఉందా అన్నారు. చాలా దగ్గరగా ఉంది. రష్యా పట్టాల వెడల్పు ఆనాడు 1,524 మిల్లీమీటర్లు, జర్మనీది 1,435. ఈ 89 మిల్లీమీటర్ల తేడా వల్ల జర్మన్ బండి సరిహద్దు దాటి తూర్పుకు పోలేదు. గుంతకల్లులో మీటర్ గేజి, బ్రాడ్ గేజి రెండూ ఉన్న రోజుల్లో సరుకును ఒక బండిలోంచి దించి మరో బండిలోకి ఎక్కించడం చూసినవారికి, అదే పని యుద్ధం మధ్యలో, లక్షల టన్నులకు, బాంబుల కింద చేయవలసివస్తే ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది. రష్యా పట్టాలు ఎక్కువగా కొయ్య స్లీపర్ల మీదే ఉన్నాయి కాబట్టి ఒకవైపు పట్టాను ఊడదీసి లోపలికి జరిపి మళ్లీ మేకులు కొట్టడం సాధ్యమైంది, జర్మన్ రైల్వే దళాలు ఆ పని వేగంగానే చేశాయి. చిక్కు అంతటితో తీరలేదు. సోవియట్ ఇంజన్లు పెద్దవి కావడంతో నీళ్లు పట్టుకునే స్టేషన్లు దూరదూరంగా ఉండేవి, చిన్న జర్మన్ ఇంజన్లకు మధ్యలో కొత్తగా నీటి ఏర్పాట్లు కట్టవలసివచ్చింది. వెనక్కి వెళ్తూ సోవియట్ వారు తమ ఇంజన్లనూ వ్యాగన్లనూ వీలైనంతవరకు తీసుకుపోయారు. శీతకాలం వచ్చేసరికి, నీటి గొట్టాలు బాయిలరుకు బయట ఉండే జర్మన్ ఇంజన్లు గడ్డకట్టి పగిలిపోయాయి. చలిదుస్తులు సిద్ధంగా ఉండి కూడా పోలండ్ గోదాముల్లో పడి ఉండడానికి కారణం ఇదే. ఉన్న కొద్ది బండ్లలో మందుగుండు, ఇంధనం పంపాలా, కోట్లు పంపాలా అన్న ప్రశ్నకు సేనానులు మొదటిదాన్నే ఎంచుకున్నారు.

ఆడే పద్ధతికి వస్తే, బార్బరోసా 1941 జూన్‌లో కాదు, 1940 శరదృతువులో మొదలవుతుందని అనుకోండి. నిజమైన జర్మన్ సైన్యం కూడా ఆక్రమిత పోలండ్‌లో తూర్పుకు వెళ్లే పట్టాలనూ రోడ్లనూ బలపరచడానికి ‘ఒట్టో’ పేరుతో ఒక పెద్ద కార్యక్రమాన్ని 1940లోనే మొదలుపెట్టింది. మీరూ వార్సా నుంచి బ్రెస్ట్ వరకు పట్టాల స్థాయిని పెంచి, సివిలియన్ ఫ్యాక్టరీలలో కొన్నింటిని దాడి తర్వాతి పట్టాల పనికి కేటాయించి ఉంచండి. రైళ్ల ఉత్పత్తిని మరవవద్దు. పట్టాలు ఉండి బండ్లు చాలకపోతే ఫలితం ఒకటే. స్మోలెన్‌స్క్ చేరాక కొన్ని వారాలు మధ్య రంగాన్ని ఆపి, హబ్ పని మొదలయ్యాక, దానికి ట్రక్కులు కేటాయించి, అప్పుడు కదలండి.

సమాధానం 2

పై సమాధానంలో పట్టాల గురించి రాసినదంతా నిజమే కాని, స్మోలెన్‌స్క్ దగ్గర ఆగండి అన్న సలహాతో నేను ఏకీభవించలేను. ఆగిన ప్రతి వారమూ సోవియట్ ఆటగాడికి, అది కంప్యూటరైనా సరే, కొత్త డివిజన్లను తెచ్చిపెడుతుంది. నా అనుభవంలో అసలు చిక్కు మరో చోట ఉంది: అవసరానికి మించిన సైన్యాన్ని ఒకే పట్టాల గీత మీద నిలబెట్టడం. మధ్య రంగంలో డివిజన్ల సంఖ్యను మూడో వంతు తగ్గించి, మిగిలినవారిని ఉత్తరంలో రీగా వైపు, దక్షిణంలో కీవ్ వైపు వేరే హబ్‌ల మీదకు మళ్లిస్తే, మిగిలిన ట్యాంకులకు తిండి సరిపోతుంది. ప్రతి ట్యాంకు డివిజన్‌లోనూ లాజిస్టిక్స్ కంపెనీ ఒకటి చేర్చండి. దానివల్ల ఆ డివిజన్ వాడుకునే సరఫరా తగ్గుతుంది.

తర్వాత మీ ట్యాంకులను కూడా ఒకసారి చూసుకోవాలి. ఈ ఎక్స్‌పాన్షన్‌తో వచ్చిన డిజైనర్‌లో చాలామంది పెద్ద ఫిరంగి, మందమైన కవచం పెట్టేసి, విశ్వసనీయత పడిపోయినా పట్టించుకోరు. సరఫరా తక్కువైన చోట ఆ ట్యాంకులే ముందుగా మూలపడతాయి. మందం ఒక్కటీ ఎంత తప్పుదారి పట్టిస్తుందో తెలుసుకోవడానికి సోవియట్ ట్యాంకు టీ-34ని ఆ డిజైనర్‌లో మీరే కట్టి చూడండి. ఏటవాలు కవచం, క్రిస్టీ సస్పెన్షన్, 76 మిల్లీమీటర్ల ఫిరంగి అన్నీ పెట్టాక, టరెట్‌ను (ఫిరంగి ఉండే, పైన తిరిగే గదిని) ఇద్దరు మనుషులదిగా ఎంచుకుని, రేడియో గడిని ఖాళీగా వదిలేయండి. 1941 నాటి టీ-34 దాదాపు అదే. ఆ ఇరుకు టరెట్‌లో కమాండరే గురిచూసి ఫిరంగి పేల్చవలసి ఉండేది, రేడియో ఎక్కువగా దళనాయకుల ట్యాంకుల్లోనే ఉండేది, మిగిలినవారు ముందు ట్యాంకును చూసి నడుచుకునేవారు. కవచంలో, ఫిరంగిలో తమకన్నా మెరుగైన ఆ ట్యాంకును జర్మన్ దళాలు ఎదుర్కొని నిలవడానికి ఇది ఒక ముఖ్య కారణం. కాగితం మీద ఈ ట్యాంకు ఎందుకు అంత గొప్పగా ఉండి రణరంగంలో ఆ ఏడాది అంతగా నష్టపోయిందో డిజైనర్‌లోని గడులు చెప్పేంత చక్కగా చాలా వ్యాసాలు కూడా చెప్పవు.

రైల్వే ఫిరంగుల జోలికి మాత్రం పోకండి. పట్టాలున్న చోటికే అవి వెళ్లగలవు, సరిగ్గా ఆ పట్టాలే మీకు కరవు. 1942లో సెవస్తపోల్ కోటల మీద జర్మన్లు వాడిన 800 మిల్లీమీటర్ల ఫిరంగిని నిలపడానికి జంట పట్టాలు ప్రత్యేకంగా వేయవలసివచ్చింది. అది పేల్చిన గుండ్లు యాభై లోపే.

సమాధానం 3

చరిత్రకు ఎంత దగ్గరగా ఉంది అన్న ప్రశ్నకు రైలు పట్టాల వరకే జవాబు చెప్పి ఆగిపోవడం నాకు సరిగా తోచలేదు. నేను ఈ ఆటను ఇష్టంగానే ఆడతాను. అయినా ఆట చూపని ఒక విషయాన్ని మనం ఆడేటప్పుడు మనసులో పెట్టుకోవాలని నమ్ముతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

సరఫరా పటంలో ప్రతి రాష్ట్రమూ, అక్కడి జనాభాను, రోడ్లను బట్టి, హబ్‌లతో పని లేకుండా కొద్దిపాటి స్థానిక సరఫరాను ఇస్తుంది. మీ డివిజన్ ఉక్రెయిన్‌లోని ఏదో పొలాల మధ్య నిలబడితే ఎంతో కొంత దానికి అందుతూనే ఉంటుంది. ఆటలో అది ఒక చిన్న పచ్చని అంకె. 1941లో ఆ అంకె వెనక ఉన్నది ఒక పథకం. రైళ్లు చాలవని జర్మన్ అధికారులకు ముందే తెలుసు. అందుకే సైన్యం ఆక్రమించిన నేల మీది ధాన్యంతోనే బతకాలని, దానివల్ల ఆ ప్రాంతపు ప్రజలు కోట్ల సంఖ్యలో ఆకలితో చనిపోతారని తెలిసే నిర్ణయించారు. చరిత్రకారులు దీన్ని ఆకలి పథకం అంటారు. జర్మన్ల చేతికి చిక్కిన సుమారు 57 లక్షల సోవియట్ యుద్ధఖైదీలలో దాదాపు 33 లక్షలమంది చనిపోయారు, వారిలో అత్యధికులు మొదటి శీతకాలం ముగిసేలోపే ఆకలికి, చలికి, రోగాలకు బలయ్యారు. లెనిన్‌గ్రాడ్ ముట్టడి 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 వరకు సాగింది. మొదటి శీతకాలంలో, గడ్డకట్టిన లడోగా సరస్సు మీదుగా ట్రక్కులు నడిచిన దారే నగరానికి ముఖ్య ఆధారం. ఆటలో ఆ నగరం చుట్టుముట్టబడితే అందులోని డివిజన్ల బలం తగ్గుతుంది, నగరంలోని జనం గురించి ఏ అంకే మారదు.

ఇలాంటి దురాగతాలను ఆటలో ఆడదగిన అంశాలుగా పెట్టకూడదన్నది నిర్మాతలైన స్వీడన్ సంస్థ ప్యారడాక్స్ మొదటినుంచి పాటిస్తున్న నియమం. నేను దాన్ని సమర్థిస్తాను. మారణకాండను ఒక మీటగా మార్చి ఆటగాడి చేతికి ఇవ్వడం కన్నా చూపకపోవడమే మేలు. అయితే సరఫరాను ఇంత లోతుగా, ఇంత నిజాయితీగా నిర్మించిన తర్వాత, ఆ సరఫరాలో ధాన్యం ఎక్కడిది అన్న ప్రశ్న పాతరోజుల కన్నా ఇప్పుడు మరింత దగ్గరగా వచ్చి నిలబడుతుంది. పాత సరఫరా ప్రాంతాల పద్ధతిలో అది కేవలం లెక్క కాబట్టి ఎవరికీ తోచేది కాదు.

ఎక్స్‌పాన్షన్ పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది 1942 జూలై 28న స్టాలిన్ జారీ చేసిన 227వ నంబరు ఆజ్ఞ నుంచి వచ్చింది. ఒక్క అడుగు కూడా వెనక్కి వేయరాదన్న ఆ ఆజ్ఞలోనే శిక్షా బెటాలియన్లూ, వెనుదిరిగినవారిని ఆపడానికి వెనక నిలబెట్టే దళాలూ ఉన్నాయి. సోవియట్ సైనికుల తెగువ నిజం, వారిని రెండు వైపుల నుంచీ నొక్కిన భయమూ నిజం. ఫోకస్ ట్రీలో ఈ రెండోదాన్ని నిర్మాతలు దాచలేదు, అందుకు వారిని మెచ్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. సరఫరా పటంలో ఆ గీత వెంట చూస్తే, ఓర్షాకు ముందున్న ఒక ముక్క అడుగు స్థాయిలో ఉందని తెలిసింది. మూడో సమాధానం చదివాక జర్మనీని పక్కనబెట్టి సోవియట్ యూనియన్‌గా ఆడాలనిపిస్తోంది. ఫోకస్ ట్రీ తెరిచి చూస్తే అది ఎంత పెద్దదో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. స్టాలిన్ తన సేనానులనూ పార్టీవారినీ ఏరివేసిన ఆ ప్రక్షాళన తప్పనిసరా? రక్షణ వైపు నుంచి ఈ రైలు వ్యవస్థను ఎలా వాడుకోవాలి?

సమాధానం 4

సోవియట్ యూనియన్‌గానే ఎక్కువగా ఆడతాను కాబట్టి నేను చెబుతాను. మొదటి ఆటకు స్టాలిన్ దారిలోనే ఉండండి. స్టాలిన్ ప్రత్యర్థులైన ట్రాట్‌స్కీని వెనక్కి తేవడం, బుఖారిన్ వర్గాన్ని నిలబెట్టడం, జారు వంశాన్ని పునరుద్ధరించడం వంటి దారులు ఆసక్తికరమే కాని అవి అంతర్యుద్ధం గుండా నడుస్తాయి, అంతర్యుద్ధంలో మీరు కోల్పోయే ఏళ్లు జర్మనీకి లాభం.

స్టాలిన్ దారిలో అనుమానం ఒక కొలతలాగా పెరుగుతూ పోతుంది. దాన్ని అదుపు చేయకపోతే మీ సేనానులు, సలహాదారులు ఒక్కొక్కరే మాయమవుతారు. ప్రక్షాళనను వాయిదా వేయడం కన్నా త్వరగా పూర్తి చేసి, దాని దుష్ఫలితాలను తొలగించే ఫోకస్‌లకు 1941 లోపు సమయం మిగుల్చుకోవడమే ఆటపరంగా మంచిది. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. ఎందుకంటే 1935లో ఉన్న అయిదుగురు మార్షళ్లలో తుఖాచెవ్‌స్కీ, యెగోరోవ్, బ్ల్యూఖెర్ ముగ్గురూ నిజంగా ఆ ప్రక్షాళనలోనే ప్రాణాలు కోల్పోయారు. ట్యాంకులను లోతైన చొరబాటుకు ఎలా వాడాలో ప్రపంచంలో అందరికన్నా ముందుగా ఆలోచించినవారిలో తుఖాచెవ్‌స్కీ ఒకరు. 1937 జూన్‌లో ఆయనను చంపినప్పుడు ఆ ఆలోచన మీద కూడా అనుమానం పడింది. ఆటలో సేనానుల జాబితాలో ఆయన పేరు కనిపించి, తర్వాత కనిపించకుండా పోతుంది. ఆ ఖాళీని యుద్ధం మొదటి నెలల్లో మీరు అనుభవిస్తారు.

రైళ్ల విషయానికి వస్తే, దాడి చేసేవాడి ఇబ్బంది అంతా మీకు ఆయుధం. సరిహద్దులో అన్ని డివిజన్లనూ పేర్చి పట్టుబట్టి నిలబడవద్దు. మొదటి చుట్టుముట్టుల్లో వారిని పోగొట్టుకుంటే నీపర్ మీద నిలబెట్టడానికి ఎవరూ మిగలరు. పశ్చిమాన పలుచని పొర ఒకటి ఉంచి, అసలు రక్షణరేఖను నీపర్, పశ్చిమ ద్వీనా నదుల వెనక వేయండి. నదుల మధ్య ఓర్షా, స్మోలెన్‌స్క్ ఖాళీలో మీ బలమైన డివిజన్లు ఉండాలి, మాస్కోకు దారి ఎప్పుడూ ఆ ఖాళీ గుండానే ఉంది. జర్మన్ డివిజన్లు అక్కడికి చేరేసరికి వారి హబ్‌లు వెనకబడి ఉంటాయి. మీ విమానాలను ట్యాంకుల మీదకన్నా వారి రైళ్ల మీద, ట్రక్కుల మీద దాడికి పంపండి. అక్కడ పోయిన ట్రక్కు తిరిగి రావడానికి జర్మనీకి నెలలు పడుతుంది.

ఫ్యాక్టరీల తరలింపును ముందే మొదలుపెట్టండి. 1941 రెండో సగంలో 1,500కు పైగా పెద్ద పరిశ్రమలను యంత్రాలతో సహా ఉరల్స్‌కు, ఓల్గా తీరానికి, సైబీరియాకు, మధ్య ఆసియాకు తరలించారు. ఆ పని చేసిందీ రైళ్లే. పశ్చిమానికి సైనికులను మోసుకుపోయిన వ్యాగన్లే తూర్పుకు లేతు యంత్రాలనూ కార్మిక కుటుంబాలనూ మోసుకువచ్చాయి.

ట్రక్కుల కొరత తీరడానికి అమెరికా లెండ్ లీజ్ (మిత్రదేశాలకు అందించిన యుద్ధసామగ్రి సాయం) మీద ఆధారపడండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆనాడు అమెరికా సుమారు నాలుగు లక్షల జీపులు, ట్రక్కులు, 1,900కు పైగా రైలింజన్లు పంపింది. యుద్ధకాలంలో సోవియట్ ఫ్యాక్టరీలు ట్యాంకుల మీద పడి ఇంజన్ల తయారీని దాదాపు ఆపేశాయి కాబట్టి ఆ ఇంజన్ల విలువ అంకెకన్నా ఎక్కువ. ఆ ట్రక్కుల్లో పెద్ద భాగం ఇరాన్ మీదుగా వచ్చింది. 1941 ఆగస్టులో ఆ దారి తెరవడానికి బ్రిటిష్ వైపు నుంచి ఇరాన్‌లో ప్రవేశించిన దళాల్లో అధికులు భారతీయ డివిజన్లవారే. ఈ ఆటలో తూర్పు రంగానికీ మన దేశానికీ ఉన్న నేరు సంబంధం అది, చాలామందికి తెలియదు. మీరు కూడా బ్రిటన్‌తో కలిసి ఆ దారిని వీలైనంత త్వరగా తెరవండి.

చివరగా మాస్కోను పటంలో ఒక నగరంలా కాక, పట్టాల కూడలిలా చూడండి. లెనిన్‌గ్రాడ్, స్మోలెన్‌స్క్, కుర్స్క్, రియజాన్, గోర్కీ వైపులకు పోయే దారులన్నీ అక్కడే కలుస్తాయి. మీ సరఫరా మొదలయ్యేదీ అక్కడే. ఆ కూడలి మీ చేతిలో ఉన్నంతకాలం కొత్త డివిజన్లను ఉత్తరం నుంచి దక్షిణానికి కొద్ది రోజుల్లో మార్చగలరు. 1941 డిసెంబరు 5న ఎదురుదాడి మొదలుపెట్టిన సోవియట్ సేనాని జుకోవ్‌కు, చివరి దాకా దాచి ఉంచిన కొత్త సేనలు సమయానికి అందింది ఆ పట్టాల వల్లే. అందుకే తొలి ఏడాది మీ దగ్గరున్న సివిలియన్ ఫ్యాక్టరీలలో కొన్నింటిని మాస్కో నుంచి తూర్పుకూ, దక్షిణానికీ పోయే గీతల స్థాయి పెంచడానికి పెట్టండి. పశ్చిమాన సరిహద్దు వైపు పట్టాలను మాత్రం బలపరచకండి, అవి ముందుగా పడేది జర్మన్ల చేతిలోనే.